నూట పన్నెండో అట్ట

చిట్యాలలో ఆషాఢ అమావాస్య. నేతగాళ్ల వాడంతా మగ్గాలకు సెలవు. ఆనాడు పోగును అటూ ఇటూ మోసే నాడె ముట్టుకుంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ ముట్టుకోలేదు.

సిద్దిరాములు మాత్రం మిట్టమధ్యాహ్నం మగ్గం కొట్టంలోకి నడిచాడు.

"ఏందయ్యా, అమావాస నాడు మగ్గం గుంతల దిగుతవా?" భార్య ఆండాళు గడపలో అడ్డం నిలబడింది.

"మగ్గానికి పంచాంగం చదువ వస్తదా ఏంది? నువ్వు చెప్పకుంటే దానికెట్ల ఎరుక?"

"నీ పరాచికాలు మా అమ్మ కాడ చెయ్యి. పొరక తిరగేస్తది."

"గామెకంటే అమావాసే నయం పో!"

ఆండాళు మూతి ముడుచుకుని తల్లిగారింటికి పోయింది. సిద్దిరాములు లోపల గడియ పెట్టాడు. రేపు మొదటి బస్సుకు మగ్గం మీది చీర పట్నం ప్రదర్శనకు పోవాలి. అక్కడ నచ్చిందా, నేత సంఘంలో మేస్త్రి కొలువు తనదే.

నిజానికి ఆ చీర అంచు మీది నెమళ్లు చచ్చిపోయిన వెంకటనర్సు మేస్త్రివి. నూట పన్నెండు అట్టలకు బెజ్జాలు కొట్టి, వరుసగా కుట్టి, మగ్గం నెత్తి మీది జాకార్డు పెట్టెకు తగిలించాడాయన. తొక్కుడు చెక్క ఒకసారి తొక్కితే ఒక అట్ట తిరుగుతుంది. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది. మగ్గానికి అంతే చాలు. కానీ నేసే మనిషి కోసం ప్రతి అట్ట అంచునా పెన్సిలుతో ఒక మాట రాసిపెట్టాడు. "ఈడ వదులు చెయ్యి." "జర బిగించు." తల నెరిసిన భార్య లీలమ్మకు రాయరాదు గాని, కూడబలుక్కుని చదవడం నేర్పిపోయాడు.

చివరి అట్ట మీద ఇలా ఉండేది: "పోగులన్నీ ఒక్కపారే లేస్తయి. బరువుకు దూలం ఆగదు. తల వెనక్కి పెట్టి తొక్కు."

లీలమ్మ ఆ అట్టలతో నేత మొదలుపెట్టే ముందురోజు, సిద్దిరాములు ఆ ఒక్క మాటా రబ్బరుతో తుడిచేశాడు. నాలుగు పోగులు తెగితే పని తన చేతికొస్తుందని, అంతే. పోగులు తెగలేదు. పెట్టె లీలమ్మ నెత్తి మీద పడింది.

లీలమ్మ పోయాక మగ్గం చేతికి తీసుకుని, మిగతా రాతలన్నీ తుడిచి, దూలానికి ఇనుప పట్టీ వేయించి, నెమళ్లు తనవేనన్నాడు.

ఇప్పుడు ఆఖరి నెమలి వరుస మిగిలింది. బయట ముసురు. కొట్టంలో గంజి వాసన, తడి నూలు వాసన. దానిలో ఎక్కడినుంచో సన్నగా ఆముదం వాసన... తల వెంట్రుకలకు రాసుకునేది.

ఇరవయ్యో అట్ట తిరిగింది. అంచున పెన్సిలు గీతలు.

"పోగు తెగింది. చూడు."

చూశాడు. తెగింది. అతికాడు. తుడవడంలో ఒకటి మిగిలిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

యాభయ్యేడో అట్ట. "కండె అయిపోవచ్చింది." నాడె తీసి లోపలి నూలు కండె చూస్తే నిజమే.

వెంకటనర్సువి ముత్యాల్లాంటి అక్షరాలు. ఇవి వంకర వంకర. అప్పుడే బలపం పట్టినవాళ్లవి.

సిద్దిరాములు లేవబోయాడు. తొక్కుడు చెక్క మీంచి కాలు రాలేదు. చెక్కే కిందికి దిగింది... కాలును తీసుకుని. టక్. అట్ట తిరిగింది. టక్. టక్. నాడె దానంతటదే అటూ ఇటూ.

తొంభై... నూరు... నూట పదకొండు.

"ఆఖరి అట్ట వచ్చింది."

టక్.

నూట పన్నెండు. తాను తుడిచిన చోటే, నల్లగా: "తల వెనక్కి."

ఇనుప పట్టీ కీచుమంది. సిద్దిరాములు కళ్లు మూసుకుని తల వెనక్కి వేశాడు.

పెట్టె పడలేదు.

ఊపిరి పీల్చుకుని నవ్వాడు. అంతలో గుర్తొచ్చింది. వెనక జానెడు దూరంలో గోడ ఉండాలి. తల గోడకు తగల్లేదు. మెత్తగా, చల్లగా... ఒడిలో ఆనింది.

"ఇంకా వెనక్కి, బిడ్డా..." చెవి పక్కనే గుసగుస. "ఇంకా..."

పొద్దుగూకే వేళ ఆండాళు ఎంత పిలిచినా పలుకు లేదు. వాడవాళ్లు తలుపు ఊడబెరికారు. లోపలి గడియ వేసినట్టే ఉంది. గుంతలో ఎవరూ లేరు. చీర మాత్రం పూర్తయింది, ఒక్క తప్పు లేకుండా.

ఆఖరి నెమలి మెడలో ఒక పోగు మెరుస్తోంది. ఆండాళు వంగి చూసింది. నూలు కాదు, పట్టు కాదు. పొడుగాటి తెల్ల వెంట్రుక.

కొస పట్టి లాగింది. వచ్చింది. మూరెడు... బారెడు... ఇంకా వస్తూనే ఉంది.

అప్పుడు అవతలి నుంచి ఎవరో, మెల్లగా, వెనక్కి లాగారు.