తోసే చెయ్యి

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయింది. ఉత్తరాన ఈ మంచుదేశంలో, మా గనుల ఊళ్ళో జనవరి అంటే అంతే. వంటింట్లో కూర్చుని రెండో కప్పు కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. మార్నీ. గనిలో నాతో పాటు పనిచేసిన కోస్కెలా కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయ్, ఫర్నేస్ మొరాయిస్తోంది. డెరెక్ షిఫ్టుకి పోయాడు, రేపటిదాకా రాడు. ఒక్కసారి రావా? పాప ఉంది కదా..."

పాపకి మూడు వారాలు. బయట సున్నాకి ముప్ఫై అయిదు డిగ్రీలు కింద. అలాంటి చలిలో ఇంటికి వేడి గాలి పంపే ఫర్నేస్ ఆగితే తెల్లారేసరికి కుళాయిలో నీళ్ళు కూడా గడ్డకడతాయి. మనమైతే రెండు కోట్లు తొడుక్కుని తిట్టుకుంటూ కూర్చుంటాం, పసిది ఏం చేస్తుంది? కాఫీ అలాగే వదిలేసి, రిపేరు సామానున్న వ్యాను తీశాను.

ఊరికి దూరంగా ఉన్న ఆ ఇల్లు వాళ్ళు పోయిన వేసవిలో కొన్నారు. గుమ్మంలో బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికి వెళ్ళాను. పాల వాసన, తడి ఉన్ని వాసన. హాల్లో నేల మీద ఊగే చెక్క తొట్టెలో పాప ఐలీ నిద్రపోతోంది. మార్నీ కళ్ళు చూస్తే ఆమె నిద్రపోయి వారమైనట్టుంది.

"ఏమంటోంది నీ ఫర్నేస్?"

"మూలుగుతుంది బాబాయ్. మ్మ్... మ్మ్... అని. కాసేపటికి లోపల దబ్‌మంటుంది. అప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది. చలికాలం మొదలైనప్పటి నుంచీ అంతే. ఈ వారం మాత్రం ఆ దబ్ రావడానికి చాలాసేపు పడుతోంది. ఈలోగా ఇల్లు చల్లబడిపోతోంది."

"కెపాసిటర్ పోయుంటుంది. మీ ఆయన వెళ్ళి ఫ్యాన్‌ని చేత్తో తోస్తున్నాడా ఏంటి?"

"డెరెకా? బల్బు మార్చమంటే నా మొహం చూస్తాడు!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే ఆఖరు.

సెల్లార్‌లో ఒకటే బల్బు. నేల మీంచి చలి మేజోళ్ళలోకి పాకుతోంది. కాలిన దుమ్ము వాసన. మార్నీ మెట్ల మీద నిలబడి టార్చి పట్టింది. ఫర్నేస్ పక్కన అరుగు మీద గుండ్రటి మరక కనిపించింది.

"అక్కడో గిన్నె ఉండేది బాబాయ్. ఇల్లు అమ్మినాయనది. ఎండిపోయిన జావ అంటుకుని ఉంటే పారేశాను."

మా నాయనమ్మ కూడా క్రిస్మస్‌కి పొయ్యి పక్కన జావ గిన్నె పెట్టేది. ఇంటిని కనిపెట్టుకుని ఉండేవాడు ఒకడుంటాడట, వాడి కోసం. "వాడికి తిండి మరిచినా ఫరవాలేదురా ఆర్వో, పని మాత్రం లాక్కోకు" అనేది. ముసలమ్మ చాదస్తం అనుకునేవాణ్ణి. చాదస్తం కాకపోతే ఏంటని ఆ రోజు దాకా వాదించేవాణ్ణి కూడా.

కరెంటు ఆపి, ఫర్నేస్ కింది తలుపు ఊడదీశాను. కెపాసిటర్ డబ్బా పొంగిపోయి ఉంది. పైన కారిన నూనె ఎప్పుడో ఎండి అట్టకట్టింది. కరెంటు ఆపినా అది లోపల ఇంకా దాచుకుని ఉంటుంది, తెలియక ముట్టుకుంటే చాచి కొడుతుంది. అందుకని స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలూ కలిపాను. చిన్న మెరుపైనా రాలేదు. మీటరు పెడితే సున్నా. చచ్చి నెలలైంది.

కెపాసిటర్ పోతే ఏ ఫ్యానయినా అంతే. మూలుగుతుంది కానీ కదలదు. ఎవరో ఒకరు ఒక్క తోపు తోస్తేనే తిరుగుతుంది. మరి ఈ చలికాలమంతా దీన్ని తోసిందెవరు?

అప్పుడు గుర్తొచ్చింది. ఈ తలుపు తీస్తే మోటారుకి కరెంటే ఆగిపోతుంది. మూసి ఉంటేనే తిరుగుతుంది. బయట నిలబడి తోయడం ఎవరి వల్లా కాదు.

టార్చి తీసుకుని వెలుగు ఫ్యాన్ చక్రంలోకి వేశాను. రెక్కల మీద వేలెడు మందాన నల్లటి దుమ్ము. ఒక్కచోట మాత్రం దుమ్ము లేదు. నాలుగు వేళ్ళ జాడ. అరచెయ్యి చంటిపిల్లదంత. వేళ్ళు మాత్రం నా వేళ్ళకంటే పొడుగు. జాడలు చక్రం లోపలి వైపున ఉన్నాయి.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదు. దుమ్ము."

అబద్ధం చెప్పాను. పైన పసిబిడ్డ ఉంది, ఇల్లు వెచ్చబడాలి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. కొత్త కెపాసిటర్ బిగించి, తలుపు మూసి, స్విచ్చి వేశాను. మంట అంటుకుంది. ఒక్క మూలుగు లేదు, దబ్ లేదు. ఫ్యాన్ హాయిగా అందుకుంది. పైకి వేడి గాలి పోతున్న చప్పుడు వినిపించి మార్నీ "అమ్మయ్య" అంది.

అప్పుడు మా నెత్తి మీద...

కిర్రు... కిర్రు...

మార్నీ నా చెయ్యి పట్టుకుంది.

"తొట్టె," అంది గుసగుసగా. "ఎవరు ఊపుతున్నారు?"

మెట్లు ఎలా ఎక్కామో తెలీదు. హాల్లో ఎవరూ లేరు. తొట్టె ఊగుతోంది. మెల్లగా కాదు. ఒక్కో తోపుకీ ఇంకాస్త ఎత్తుకి లేస్తోంది. ఇన్నాళ్ళూ ఫ్యాన్‌ని తోసినవాడే ఇప్పుడు తొట్టెనీ ఫ్యాన్ అనుకుని తోస్తున్నాడు. పాప తల ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దొర్లుతోంది. తొట్టె ఒక అంచు మీదికి లేచి బోల్తా పడబోయింది... మార్నీ దూకి పాపని లాక్కుంది.

తొట్టె లోపలి చెక్క మీద నాలుగు నల్లటి వేళ్ళ గుర్తులు.

భయమేసింది నాకు, అరవై మూడేళ్ళ వాడికి.

"కోటు తొడుక్కో. మా ఇంటికి పద."

వాళ్ళని వ్యానులో కూర్చోబెట్టి, హీటర్ వేసి, నేను మళ్ళీ వెనక్కి వెళ్ళాను. పిచ్చిపని అనండి. నాయనమ్మ మాట చెవిలో మోగుతోంది. కొత్త కెపాసిటర్ విప్పేసి ఆ చచ్చినదాన్నే మళ్ళీ బిగించాను. నీ పని నువ్వు తీసుకో, పిల్లని వదిలెయ్ అని పైకే అన్నాను. తలుపు మూసి స్విచ్చి వేశాను.

మ్మ్... మ్మ్...

కాచుకుని కూర్చున్నాను. ఒక నిమిషం. రెండు. అయిదు. మోటారు అలా మూలుగుతూనే ఉంది. ఎవరూ తోయలేదు. పైన తొట్టె కూడా ఆగిపోయింది. స్విచ్చి ఆపేసి, బూట్లు చేత పట్టుకుని మంచులో మేజోళ్ళతోనే పరిగెత్తాను.

పైపులు పగిలితే పగిలాయి, పిల్ల దక్కింది అనుకుంటూ వ్యాను నడిపాను. తిన్నని రోడ్డు, గట్టిపడిన మంచు, చిన్న కుదుపు కూడా లేదు. పాప మా ఇద్దరి మధ్య తన చిన్న సీటులో నిద్రపోతోంది. మార్నీ కిటికీకి తల ఆనించి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఊరి దీపాలు కనిపించాక నా గుండె కొంచెం కుదుటపడింది.

"చాల్లే బాబాయ్," అంది కళ్ళు తెరవకుండానే. "నిద్రపోయింది కదా. ఆ సీటు ఇంక ఊపకు."

నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.