న్యెపి నాటి సంతకం

తూటా దేవా సుకర్త మెడలోంచి దూసుకుపోయి, వెనకనున్న కాఫీ ఫ్లాస్కును పగలగొట్టింది. చేతిలోని అన్నం పొట్లం ఇంకా సగం కూడా కాలేదు. రోడ్డవతల, మర్నాడు ఊరేగించబోయే వెదురు రాక్షసుడి బొమ్మకి కోరలు అంటిస్తున్న కుర్రాళ్లు టపాకాయ అనుకుని పకపకా నవ్వారు. దేవా బల్ల మీదికి ఒరిగిపోయి, రక్తం అన్నంలో కలిసి కారుతుంటే గానీ ఆ నవ్వు ఆగలేదు.

అతన్ని కాపాడడానికి జకార్తా నుంచి వచ్చిన ఏజెంట్ బిన్సార్ హుతాపెయా సరిగ్గా ఆ క్షణంలో కొట్టు దగ్గర నిలబడి, తన పొట్లంలో ఇంకాస్త కారం వేయమని బతిమాలుతున్నాడు. పొట్లం విసిరేసి పరిగెత్తాడు. మోటార్ సైకిల్ మీద ఇద్దరు. వెనకవాడి చేతిలో ఇంకా పిస్టల్ ఉంది. బిన్సార్ మోకాలి మీద కూర్చుని ఒక్కటే పేల్చాడు. వెనకవాడు గాల్లోకి లేచి మురుగు కాలువలో పడ్డాడు. నడిపేవాడు డెన్‌పసార్ ట్రాఫిక్‌లో మాయమయ్యాడు.

కర్నల్ ముర్దోవో ఫోన్ వెంటనే వచ్చింది.

"పోయాడా?"

"ఇద్దరూ పోయారు సార్. మనవాడూ, వాళ్లవాడూ."

"నిన్ను పంపింది లెక్క సరిచేయడానికి కాదు."

కారం అంటిన చేతిని బిన్సార్ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"విను. శుక్రవారం ఉదయం గంగ్సా రిలీజ్. ప్రభుత్వ ఆసుపత్రులన్నీ హాల్‌బ్రెక్ కంపెనీ సిస్టమ్స్‌ని తీసేసి గంగ్సా పెట్టుకుంటున్నాయి. గంగ్సా అంటే తెలుసుగా?"

"ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఎవరైనా లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు."

"ఆ. అయితే సంతకం లేని కాపీని ఏ ఆసుపత్రి కంప్యూటరూ ముట్టుకోదు. సంతకం పెట్టగలిగేది దాన్ని తయారుచేసిన ఇద్దరే. ఒకడు పోయాడు. మిగిలింది వాడి అక్క, దేసాక్ వర్సికి. క్రాస్నర్ అని ఒక కిరాయి హంతకుడు దిగాడు. ఇప్పుడు కాల్చింది వాడి మనుషులే. వాడి దగ్గర విషం కలిపిన గంగ్సా ఉంది. దాని మీద ఆమె సంతకం పడిందా, మొదటి రోజే ఆసుపత్రుల్లో కంప్యూటర్లన్నీ చచ్చిపోతాయి. ఆపరేషన్ టేబుల్ మీద ఉన్న పేషెంట్లూ చచ్చిపోతారు. ఊరికే వచ్చేది ఇంతేనని మంత్రి చేతులు దులుపుకుని, మళ్లీ హాల్‌బ్రెక్ కాళ్ల మీద పడతాడు."

"వాణ్ని పంపింది హాల్‌బ్రెక్ వాళ్లేనా సార్?"

"పంపినవాడు బిల్లు అడగడు, రసీదూ ఇవ్వడు. ఆమె ఇంట్లో మన ఏజెంట్ మైస్కే ఉంది. నువ్వు 'బాతు ఉడికిందా' అనాలి. 'ఇంకా పొగలోనే ఉంది' అంటుంది. ఇంకొక్క మాట. ఈసారి ముందు పని, తర్వాత తిండి."

న్యెపి అంటే మా బాలి ద్వీపమంతా నోరు మూసుకునే రోజు. పొయ్యి వెలగదు, దీపం వెలగదు, బండి కదలదు, ఇంటర్నెట్ ఉండదు, విమానాశ్రయానికి కూడా సెలవే. వీధిలోకి అడుగుపెడితే పెచలాంగ్ పట్టుకుంటారు. వాళ్లు పోలీసులు కాదు. నడుముకి నలుపు తెలుపు గళ్ల గుడ్డ కట్టుకున్న సొంత బంజార్ మనుషులు, అంటే సొంత పేటవాళ్లే. పోలీసుకైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు గానీ పెచలాంగ్ దగ్గర కుదరదు. వాళ్లకి మీ అమ్మ తెలుసు.

అలాంటి గురువారం రోజున, దేసాక్ వాళ్ల ఊళ్లో, ఆమె ఇంట్లో బిన్సార్ చిక్కుకున్నాడు. అతను బటక్ మనిషి, పెద్ద గొంతుకి పేరుపడ్డ తెగ. గుసగుసలాడితే పక్కవీధికి వినిపిస్తుంది. చేతికున్న ప్రమాద సంకేతాల వాచీ, కర్నల్ గారు ఎంతో మురిసిపోతూ ఇచ్చినది, నెట్‌వర్క్ లేక ఉదయం నుంచీ టైము మాత్రమే చూపిస్తోంది.

"ఇప్పుడే సంతకం పెట్టేయండి ఎంబోక్. పీడా పోతుంది," అన్నాడు. ఎంబోక్ అంటే అక్క.

దేసాక్ వర్సికి వరండాలో చాప మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "మెల్లిగా మాట్లాడు. ఇవాళ పని చెయ్యకూడదు. సంతకం పని కాదూ?"

"మెల్లిగానే కదా మాట్లాడుతున్నా!"

"పక్కింటి కుక్క లేచి కూర్చుంది చూడు."

గుమ్మానికి చేరబడి జుట్టు దువ్వుకుంటున్న మైస్కే కిసుక్కున నవ్వింది. మనాడో ఊరి అందగత్తె. న్యెపి రోజు కూడా లిప్‌స్టిక్ చెరగలేదు. నిన్న 'ఇంకా పొగలోనే ఉంది' అన్నప్పటి నుంచి బిన్సార్‌కి డ్యూటీ మీద మనసు సరిగ్గా నిలవడం లేదు.

"ఒక్కమాట అడగనా ఎంబోక్?" అన్నాడు ఈసారి నిజంగానే గొంతు తగ్గించి. "ఇన్నేళ్లు కష్టపడి చేసి ఊరికే ఇవ్వడం దేనికి? అమ్ముకుని ఉంటే మీ తమ్ముడికి నలుగురు బాడీగార్డులు ఉండేవాళ్లు."

"మా నాన్న ఆపరేషన్ టేబుల్ మీద పోయాడు," అంది దేసాక్. "ఆయన రక్తం ఏ గ్రూపో కంప్యూటర్‌లో ఉంది. తెర మీదేమో లైసెన్సు గడువు అయిపోయింది, కంపెనీని సంప్రదించండి అని అక్షరాలు. డాక్టరు దాన్ని చేత్తో కొట్టాడు కూడా. రోగి మనవాడు, ఆసుపత్రి మనది, తాళం మాత్రం వాళ్ల చేతిలో. అప్పుడు దేవా ఇంకా స్కూల్లో ఉన్నాడు. తాళం మన దగ్గరే ఉండేది ఒకటి చేద్దాం అక్కా అన్నాడు. అదీ సంగతి. పొద్దున్న ఆరు కొట్టగానే సంతకం పెడతాను. దాని తర్వాత నన్ను చంపుకున్నా ఫర్వాలేదు."

గేటు చప్పుడైంది. బిన్సార్ సందులోంచి చూశాడు. తలపాగాలు, గళ్ల గుడ్డలు, ఇద్దరు మనుషులు.

"మీ ఇంట్లో గొంతులు వినిపిస్తున్నాయి. తలుపు తియ్యండి," అన్నారు.

"పెచలాంగే," అంది మైస్కే. "నీ గొంతు చేసిన నిర్వాకం. తీసి క్షమాపణ చెప్పు."

దేసాక్ లేచి వచ్చి చూసేసరికి బిన్సార్ గడియ తీసేశాడు. "వాళ్లు మావాళ్లు కాదు!" అందామె. అప్పటికే ఇనుప రాడ్ అతని మోకాలి మీద పడింది.

కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. పడుతూనే ఒకడి కాలు పట్టుకుని లాగాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. బిన్సార్ వాడి మీదెక్కి, జుట్టు పట్టుకుని, చెక్కడాలున్న గేటు స్తంభానికేసి తలను కొట్టాడు. మూడోసారికి స్తంభం మీది రాతి సింహం ముక్కు విరిగింది. వాడి తలా విరిగింది. రెండోవాడి రాడ్ వీపు మీద పడింది. బిన్సార్ తిరిగి వాడి పొత్తికడుపులో తలతో కుమ్మి, పిస్టల్ లాగి ట్రిగ్గర్ నొక్కాడు. క్లిక్ అని మాత్రమే అంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ క్లిక్.

చల్లని ఇనుము మెడ వెనక ఆనింది.

"బాతు ఉడికింది బిన్సార్," అంది మైస్కే. అతని తూటాలు ఆమె ఎడమ చేతిలో ఉన్నాయి.

బిన్సార్‌కి ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు, తన మీదే.

వెనకవీధిలోని ఖాళీ లాడ్జీలో ముందురోజు నుంచి దాక్కున్న క్రాస్నర్ గోడ దూకి తాపీగా వచ్చాడు. సన్నటి మనిషి. నిన్నటి ఇస్త్రీ ఇంకా నలగలేదు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్, జేబులో ఒక చిన్న డిస్క్.

"ఎవరైనా అరిస్తే ఇంకొకరు చస్తారు," అన్నాడు మర్యాదగా. "అమ్మా, సంతకం పెట్టే కంప్యూటర్ చూపించండి."

అది దేవా గదిలో ఉంది. ఏ నెట్‌వర్క్‌కీ తగిలించని పాత డెస్క్‌టాప్. దాని మీద కుండంత లావు మానిటర్. బిన్సార్‌ని పక్కనే కుర్చీకి కట్టేశారు. క్రాస్నర్ స్విచ్ నొక్కాడు. ఏమీ వెలగలేదు.

"మెయిన్ ఫ్యూజు పీకేశాను," అంది దేసాక్.

"ఎక్కడుంది?"

"బావిలో."

క్రాస్నర్ బిన్సార్ చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. బిన్సార్ చొక్కా కాలర్ కొరికాడు. ఉదయం నుంచి గొంతు పెద్దదని తిట్లు తిన్న మనిషి, ఆ ఒక్క అరుపునీ మింగేశాడు. క్రాస్నర్ పక్క వేలు కూడా విరిచాడు.

"ఆపు! నిజంగానే బావిలో పారేశాను!" అంది దేసాక్. "మా వాడు ఏటా న్యెపి రోజు దొంగచాటుగా కంప్యూటర్ పెట్టుకునేవాడు. అందుకని ఫ్యూజు పీకి దాచేదాన్ని. ఈసారి పీకాక గుర్తొచ్చింది, వాడు లేడని. ఇంక దాచడం దేనికని పారేశాను."

క్రాస్నర్ మూడో వేలు పట్టుకున్నాడు.

దేసాక్ కళ్లు తుడుచుకుంది. "వెనక జనరేటర్ ఉంది. డీజిల్ కూడా ఉంది. వేసుకోండి," అంది.

బిన్సార్ తలెత్తి చూశాడు. లొంగిపోయింది అనుకున్నాడు. తమ్ముడూ, నాన్నా, ఇన్నేళ్ల కష్టమూ, అన్నీ తన మూడో వేలి కోసం వదిలేసింది అనుకుని గుండె చెరువైంది.

"చప్పుడు అవుతుందేమో?" అన్నాడు క్రాస్నర్.

"అయితే?" మైస్కే తేలిగ్గా అంది. "న్యెపికి నేను నాలుగుసార్లు బీచ్ హోటల్లో ఉన్నాను. జనరేటర్, ఏసీ, వేడి కాఫీ, రోజంతా సినిమాలు. ఒక్కడొచ్చి అడిగిన పాపాన పోలేదు. కర్టెన్లు వేసుకుంటే చాలు."

క్రాస్నర్ కర్టెన్లు వేయించాడు. రెండోవాడు వెళ్లి జనరేటర్ తాడు లాగాడు.

ఆకు రాలినా వినిపించే ఊళ్లో ఆ డీజిల్ ఇంజను మొదలైంది. గోడలు అదిరాయి. కోళ్లు గంపల కింద గగ్గోలు పెట్టాయి. చుట్టుపక్కల ఊళ్లలో ధ్యానంలో కూర్చున్న ముసలివాళ్లు కళ్లు తెరిచి, పళ్లు కొరికారు. హోటల్ వేరు, ఊరు వేరు. హోటల్‌కి గోడ ఉంది, ఊరికి బంజార్ ఉంది.

కంప్యూటర్ వెలిగింది. దేసాక్ తన కీ కార్డు పెట్టి, పాస్‌వర్డ్ కొట్టింది. పొడుగాటి పాస్‌వర్డ్. ఒకసారి తప్పు కొట్టింది. క్రాస్నర్ పిస్టల్ ఆమె చెవికి ఆనించాడు. రెండోసారి సరిగ్గా కొట్టింది. క్రాస్నర్ పెట్టిన విషం డిస్క్ తిరగసాగింది. తెర మీద, సంతకం ఎంతవరకు పడిందో చూపించే ఆకుపచ్చ గీత మెల్లిగా కుడివైపుకి పాకుతోంది.

గేటు దబదబా మోగింది.

"ఎవడ్రా అది! న్యెపి రోజున సిగ్గులేదూ!"

గళ్ల గుడ్డ కట్టుకున్న రెండోవాడు గేటు దగ్గరికి పరిగెత్తాడు. "మేం చూసుకుంటాం లెండి. మీరెళ్లండి," అన్నాడు.

బంజార్ పెద్ద నెంగా రేందీ వాణ్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఆ గుడ్డ కట్టుకున్న ప్రతివాడికీ నేనే పేరుపేరునా డ్యూటీ వేశాను. నువ్వెవరి కొడుకువిరా?"

నోరు తెరిచేలోపు కర్ర వాడి దవడ మీద పడింది. ఆ తర్వాత కర్రలెన్ని పడ్డాయో ఎవరూ చూడలేదు. జనం లోపలికి పోటెత్తారు.

క్రాస్నర్ కిటికీలోంచి రెండు తూటాలు పేల్చాడు. ఒకటి రేందీ చెవి తమ్మెను ఎగరగొట్టింది. ముసలాయన చెవి పట్టుకుని, వెనక్కి తగ్గకపోగా ఇంకా గట్టిగా తిట్టాడు. కుర్చీతో సహా బిన్సార్ ఎగిరి మైస్కే మీద పడ్డాడు. ఆమె పిస్టల్ పేలి సీలింగ్ ఊడిపడింది. అతని బుజం కింద ఆమె మణికట్టు పటుక్కుమంది. తర్వాతి క్షణంలో ఆమె అతని విరిగిన వేళ్ల మీద మడమతో తొక్కి, వెనక తలుపులోంచి పారిపోయింది.

గీత చివరికి వచ్చేసింది. గోరంత ఖాళీ మిగిలింది.

దేసాక్ కరెంటు తీగ పీకేసింది. తెర నల్లబడింది. క్రాస్నర్ కిటికీ వైపు నుంచి తిరిగేసరికి, ఆమె ఆ కుండంత మానిటర్‌ని రెండు చేతులా ఎత్తి ఉంది. "ఇది మా దేవాది," అని, వాడి మొహం మీద వేసింది. గాజు పగిలింది. దవడ రెండు చోట్ల విరిగింది. వాడు లేవబోతే బిన్సార్ కూర్చున్న కుర్చీతోనే వాడి గుండెల మీద పడి అక్కడే ఉండిపోయాడు.

మైస్కే ఎంతో దూరం పోలేదు. ఆ మధ్యాహ్నం బాలి మొత్తం మీద వీధిలో పరిగెడుతున్న మనిషి ఆమె ఒక్కతే. పక్క బంజార్ వాళ్లు కూడలిలో పట్టుకుని, ముందు న్యెపి రోజున పరిగెత్తినందుకు మందలించారు.

తెల్లారేదాకా బండి కదలదు గనక ఖైదీలను స్తంభాలకు కట్టి, పెచలాంగ్ చుట్టూ కూర్చున్నారు. బిన్సార్ వేళ్లకి వెదురు బద్దలు కట్టారు. ఎవరూ మాట్లాడలేదు. విరిగిన దవడతో క్రాస్నర్ అందరికంటే నిష్ఠగా ఆ రోజును పాటించాడు.

ఆరు కొట్టింది. దేసాక్ పొయ్యి వెలిగించి అందరికీ కాఫీ పెట్టింది. పక్కింటి ఫ్యూజు, ఎదురింటి మానిటర్ తెచ్చి బిగించారు. తమ్ముడు చివరిగా సరిచూసిన అసలు కాపీని తెరిచింది. గంగ్సా ప్రతి రిలీజ్‌కీ ఒక పేరు పెట్టడం వాళ్ల ఆచారం. ఇన్నాళ్లూ దేవాయే పిట్టల పేర్లు పెట్టేవాడు. ఇప్పుడు ఆ పని ఆమెదే. పేరు కొట్టింది. సంతకం పెట్టింది. అప్పుడు కీబోర్డు మీద తల వాల్చి, ఊరంతా వినిపించేలా ఏడ్చింది. ఈసారి ఎవరూ మెల్లిగా అనలేదు.

సాయంత్రానికి డెన్‌పసార్ ప్రభుత్వాసుపత్రి కౌంటర్‌లో క్లర్కమ్మాయి కొత్త సిస్టమ్ తెరిచింది. తెర మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: గంగ్సా, దేవా సుకర్త.

ఎదురుగా స్ట్రెచర్ మీద, బేడీలతో, దవడ చుట్టూ కట్టుతో ఉన్న క్రాస్నర్ ఆ అక్షరాలనే చూస్తున్నాడు. పక్కన కుంటుతూ బిన్సార్.

"పేరు?" అంది అమ్మాయి. క్రాస్నర్ పేరు బిన్సారే చెప్పాడు. ఆమె టైపు చేస్తూ, "కొత్త సిస్టమ్ భలే తొందరగా తెరుచుకుంటోందండీ. ఎవరు చేశారో ఏమో," అంది.

వరండా చివరిదాకా వినిపించే గొంతుతో అన్నాడు బిన్సార్. "మాట్లాడగలిగాక ఇతన్ని అడుగమ్మా. చేసినవాడు ఇతనికి బాగా తెలుసు."