మూడేళ్ల సోర్స్

టెక్కలి బస్టాండులో పట్టపగలు కొరియర్‌ను కాల్చేసి, నౌకాదళం చిప్‌ను విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. అది దేశం దాటితే మన సబ్‌మెరైన్ల దారులన్నీ శత్రువు చేతికి చిక్కినట్టే.

మర్నాడు పొద్దున ఏజెంట్ నిరంజన్ కొబ్బరికాయల వ్యాపారి వేషంలో, సోంపేట అవతల తీరంలో జట్టుతో కాపు వేశాడు. చిప్ వేట పడవలో బయల్దేరి నడిసముద్రంలో ఓడకు చేరుతుందని మోహిని చెప్పింది. పలాసలో ముఠాకు ముసుగుగా జీడిపప్పు ఆఫీసు నడిపే ఆ అందగత్తెను మనవైపు తిప్పుకోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది. ఆమెకు పూచీ కూడా తనే పడ్డాడు.

ఫోన్లో ఆమె మెసేజ్ మెరిసింది: "పడవ సముద్రంలోకి దిగింది. కదలొద్దు."

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పక్కన జాలరి కన్నయ్య బీడీ కాలుస్తున్నాడు.

"ఏటి కన్నయ్యా, వేటకెల్లలేదా?"

"ఊర్లో సావు బావా. రాత్రి రత్నాలమ్మ పోనాది. మట్టి సేసీదాకా ఒక్క పడవా కదల్దు. తెలీదేటి నీకు?"

ఈ చావు సంగతి మోహినికీ తెలియదు; అందుకే కదలని పడవ కదిలిందంది. నిరంజన్‌కు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఆమె ఇచ్చిన చిన్నచిన్న నిజాలన్నీ ఈ ఒక్క అబద్ధం కోసమే.

చెవిలో ఇయర్‌పీస్ పలికింది. చీఫ్ తిరుమలరావు. "పొజిషన్ వదలకు. మూడేళ్లు పెంచుకున్న సోర్స్. ఇంకో గంట చూడు."

"చూస్తే మూడేళ్ల మీద ఇంకో గంట పోతుంది సర్. మనందరినీ సముద్రానికి తోలిందంటే, సరుకు రైలెక్కుతోంది. నేను పలాస వెళ్తున్నాను."

"ఆగు. ఇది ఆర్డర్."

"సస్పెండ్ చేసుకోండి." ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకుని, కన్నయ్య బైకెక్కాడు.

పలాసలో అతను ప్లాట్‌ఫారం మీదికి ఉరికేసరికి హౌరా రైలు కూత పెట్టింది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు ముతక చీరల్లో, భుజాన సంచులతో గుంపుగా ఎక్కుతున్నారు. ముసుగేసుకున్న చివరామె తలుపు కమ్మీ పట్టుకుంది. రైలు కదిలింది. మిగతావాళ్ల వేళ్లన్నీ జీడి రసం అంటి నల్లబడి ఉంటే, ఆమె చెయ్యి మాత్రం కడిగిన గిన్నెలా ఉంది.

నిరంజన్ పరుగెత్తి ఆ చేతిని దొరకబుచ్చుకుని కిందికి లాగేశాడు. చిప్ దగ్గరికొస్తే మోగే అతని వాచీ ఆమె సంచి పక్కన గుయ్యిమంది.

ముసుగు జారిన మోహిని తాపీగా నవ్వింది. "మూడేళ్ల నమ్మకం. అంత తేలిగ్గా ఎలా వదిలేశావు?"

"వదిలితేనే కదా చెయ్యి ఖాళీ అయింది," అంటూ బేడీలు వేశాడు నిరంజన్. "లేకపోతే నిన్ను దేంతో పట్టుకునేవాణ్ణి?"