నిఖిల రాయని అభిప్రాయం

బెడోక్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ మధుసూదనరావు ఆఫీసుకు నిఖిల ఏడుపు ముఖంతో వచ్చింది. ఆయన సహాయకురాలు ఉజ్వల మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"ట్రైనింగ్ ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో నా పేరుతో ఎవరో రాశారు అంకుల్. 'మధ్యాహ్నమంతా కునికిపాట్లే. ఈ శిక్షణ దండగ, డైరెక్టర్‌కీ తెలుసు' అని. నేను కాదని రేపటిలోగా తేలకపోతే నా వర్క్ పాస్ రెన్యూ చేయరట. ఈ దేశం వదిలి వెళ్లిపోవాల్సిందే."

"నువ్వు రాయలేదా?"

"మధ్యాహ్నం నేనక్కడ లేనే లేను. పాపకు జ్వరమని స్కూలు నుంచి ఫోనొస్తే లంచ్‌కే వచ్చేశా. క్లినిక్ చీటీ ఉంది. కానీ చూపిస్తే ట్రైనింగ్ ఎగ్గొట్టానంటారు!"

పాపం, ముందు నుయ్యి వెనుక గొయ్యి.

మర్నాడు కంపెనీలో హెచ్ఆర్ కమలాదేవి నీరసంగా ఫామ్‌లన్నీ తెరిచి చూపించింది. ప్రతి శిక్షణకూ పద్నాలుగు ప్రశ్నలు. నింపకపోతే హాజరు పడదు. ఈ పీడ పగవాడికి కూడా వద్దు.

"పాస్‌వర్డ్ ఉంటుందా?"

"లేదండీ, జాబితాలో పేరు నొక్కితే చాలు. ఎవరు నింపలేదో నాకొక్కదానికే కనబడుతుంది. సాయంత్రం ఆరులోగా ముప్ఫై మందివీ రాకపోతే మాటలు పడేది నేనే."

ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. చివరి నాలుగూ ఆరుకు ముందు ఎనిమిది నిమిషాల్లో వచ్చాయి. వాటిలో నిఖిలది ఒకటి, లోహిత్ అనే ఉద్యోగిది ఒకటి.

"లోహిత్ అన్నిటికీ ఐదు స్టార్లిచ్చాడు సార్," అంది ఉజ్వల. "కానీ అతను చెల్లెలి పెళ్లికని పది రోజులుగా విజయవాడలో ఉన్నాడట!"

మధుసూదనరావు అందరినీ ట్రైనింగ్ గదిలోకి పిలిపించాడు. డైరెక్టర్ మల్లికార్జునరావు విసుగ్గా వాచీ చూసుకున్నాడు.

"నిఖిల మధ్యాహ్నం లేదు. ఇదిగో క్లినిక్ చీటీ. లోహిత్ ఈ దేశంలోనే లేడు. ఇద్దరి ఫామ్‌లూ ఆ ఎనిమిది నిమిషాల్లోనే వచ్చాయి. ఎవరివి రాలేదో ఆ వేళకు తెలిసింది ఒక్కరికే. ఎందుకమ్మా, కమలాదేవీ?"

ఉజ్వల తన గురువు వంక గర్వంగా చూసింది.

"అవునండీ," అంది కమలాదేవి. "మిగిలినవన్నీ ఎప్పుడూ నేనే నింపుతాను. ఆ రోజు ఇంకో ఐదు స్టార్లు పెట్టడానికి చేతులు రాలేదు. క్షమించు నిఖిలా, నీ మీదికొచ్చాక ఒప్పుకునే ధైర్యం చాలలేదు."

మల్లికార్జునరావు నిఖిల రెన్యూవల్ కాగితం మీద సంతకం పెట్టి, కమలాదేవి వైపు తిరిగాడు.

"నేను చదువుతానని కూడా అనిపించలేదా మీకు?"

"పదకొండేళ్లుగా రాస్తున్నానండీ," అందామె. "మీరు చదివింది ఇదొక్కటే."