4417ని పట్టుకున్నదెవరు?

ఆ ఆఫీసులో లిఫ్ట్ అంటే ఎవరికీ భయం లేదు. మూడో అంతస్తులో దానంతటదే వెలిగి ఆరే ట్యూబ్‌లైట్ అన్నా భయం లేదు. భయమల్లా ఒక్క వరసంటేనే... కస్టమర్ల జాబితాలో 4417వ వరస.

దాని జోలికి వెళ్ళినవాడు బాగుపడడని పేరు. ఒకడి కోడ్ కుప్పకూలింది. ఇంకొకడు మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని, నాలుగో రోజు సెలవు పెట్టాడు. పోనీ ఆ వరస ఉన్నది ఏ పాడుబడ్డ గదిలోనో అంటే అదీ కాదు — క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటర్లలో. అదెక్కడుందో అద్దె కట్టే యజమానికే తెలియదు. అడ్రసు లేని చోటికి దెయ్యం దారెలా కనుక్కుందో మరి!

ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే అక్కడి సీనియరమ్మ "అదంతే" అని ఊరుకుంటుంది. పట్టువదలని ఒకరికి మాత్రం చెప్పిందట. ఆ నోటా ఈ నోటా నా దాకా వచ్చింది.

అప్పటికామె సీనియరమ్మ కాదు. అందరూ కొత్తమ్మాయి అనేవారు. ఆర్నెల్ల ట్రయల్ ఆ రాత్రితో ఆఖరు. ఉద్యోగం నిలిస్తే సొంతంగా ఒక గది... పోతే మళ్ళీ పెద్దమ్మ ఇల్లే. పెద్దమ్మ చెడ్డది కాదు. కాకపోతే అన్నం వడ్డిస్తూ, "ఉద్యోగం ఎక్కడైనా దొరికిందా?" అని అడుగుతుంది. ఆ మాటకి ముద్ద గొంతు దిగేది కాదు.

ఊపిరాడని రోగులకి ఇళ్ళల్లో వాడుకునే ఆక్సిజన్ మెషీన్లు అద్దెకిచ్చే కంపెనీ పని అది. మూడు నెలలుగా సిగ్నల్ పంపని మెషీన్ల రికార్డులన్నీ ఆ రాత్రి మూసెయ్యాలి. మూసినవాటి ఇళ్ళకి పొద్దున్న ఆరింటికి బండి వెళ్ళి మెషీన్ తెచ్చేసుకుంటుంది. ఒక్కటి కూడా మిగలకూడదని ఆర్డరు. అందరూ పడుకున్నాక చేసే పని కాబట్టి ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది.

ఒంటిగంటన్నరకి కోడ్ నడిపింది. సజావుగా పోయి పోయి... ఆగింది.

"ఈ రికార్డుని మరొకరు పట్టుకుని ఉన్నారు. కాసేపాగి ప్రయత్నించండి."

4417.

ఆమె కాసేపాగి మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే మాట. మామూలుగా ఒక రికార్డుని ఒకరు మారుస్తుంటే ఇంకొకరికి దొరకదు. అది నిజమే. కానీ ఆ పట్టు ఉండేది ఐదారు సెకన్లు. ఇది అరగంటైనా వదలట్లేదు.

టీమ్ లీడర్‌కి ఫోన్ చేసింది. ఆయన నిద్రమత్తులో ఉన్నాడు.

"సార్, 4417 దగ్గర—"

అటువైపు మత్తు వదిలింది. "దాన్ని వదిలెయ్యమ్మా."

"ఎందుకు సార్?"

"అదంతే... కానీ పొద్దున్న లెక్కలో ఒకటి తగ్గితే నన్నడగొద్దు." ఫోన్ పెట్టేశాడు.

వదిలితే ఉద్యోగం పోతుంది, వదలకపోతే పని కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరే, పట్టుకున్నదెవరో చూద్దామని, ఎవరెప్పుడేం చేశారో నమోదయ్యే లాగ్ తెరిచింది.

పేరు చదివింది.

అక్క.

ఆఫీసంతా అక్కా అని పిలిచిన మనిషి. కొత్తమ్మాయి ఇప్పుడు కూర్చున్న కుర్చీ ఆమెదే. జ్వరం ముదిరి చనిపోయి ఏడాదైంది... ఆమె లాగిన్ తీసేస్తే ఆమె పేరున నడిచే పనులన్నీ ఎక్కడికక్కడ ఆగిపోతాయని, ఎవరూ తియ్యలేదు.

అది గుర్తొచ్చాక కొత్తమ్మాయి గట్టిగా ఊపిరి తీసుకుంది. అక్క పేరున నడిచే పనుల జాబితా వెతికితే దొరకనే దొరికింది — రోజూ రాత్రి రెండింటికి దానంతటదే నడిచే చిన్న జాబ్. చేసేదల్లా 4417లో ఒక్క వాక్యం రాయడం.

"పాత మెషీన్, సిగ్నల్ రాదు. కానీ ఆడుతోంది. మూయొద్దు."

ఓస్, ఇంతేనా! రోజూ చేయి పడే రికార్డుని ఎవరూ మూయరని అక్క వేసిన ఎత్తు. నిన్న రాత్రి నడిచింది ఎక్కడో ఇరుక్కుపోయి రికార్డుని వదలట్లేదు. దెయ్యమూ లేదు, పాడూ లేదు. కొత్తమ్మాయి ఖాళీ హాల్లో ఒక్కతే నవ్వుకుంది.

జాబ్ ఆపేస్తే సరి. 4417 మూసుకుంటుంది, తెల్లారేసరికి లెక్క సరిపోతుంది.

బటన్ నొక్కింది. "ఖాయమేనా?" అని అడిగింది స్క్రీన్.

వేలు ఆగిపోయింది.

ఆ వాక్యం ఏడాది కిందటిది. ఆ మెషీన్ ఇంకా ఆడుతోందో లేదో ఎవరికి తెలుసు? ఆడుతుంటే... పొద్దున్న బండివాడు ఎవరి ముక్కు దగ్గర నుంచి ఊడబీక్కొస్తాడు? ఆ మాట అనుకోగానే ఆమెకి పెద్దమ్మా, గదీ, ట్రయలూ అన్నీ మరుగునపడ్డాయి. భయమేసింది. ఈసారి దెయ్యానికి కాదు, తన చేతికే.

రికార్డులో ఫోన్ నంబరు ఉంది. టైము రెండుంబావు. ఈ వేళప్పుడు ఎవరెత్తుతారు? ఎత్తినా తిడతారు. తిడితే తిట్టనీ అనుకుని నంబరు నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తారు. ఆడమనిషి గొంతు, గుసగుసగా.

"మెషీన్ ఆడుతోందండీ. దాని సీసాలో నీళ్ళు మార్చేశాను. అమ్మ పడుకుంది."

కొత్తమ్మాయి గడియారం వంక చూసింది. "మీరు... ఇంకా మేలుకునే ఉన్నారా?"

"రెండింటికి నీళ్ళు మార్చాలి కదండీ. నేను ఒళ్ళెరగకుండా పడుకుంటానని అక్కగారే రోజూ ఫోన్ చేసి లేపుతారు."

జాబ్‌ని పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివింది కొత్తమ్మాయి. వాక్యం రాయడం... అంతే. ఫోన్ చేసే ముక్క అందులో ఎక్కడా లేదు.

"రోజూ అంటే... ఈ రాత్రి కూడానా?"

"ఇందాకే చేశారు. ఇవాళ మా కొత్తమ్మాయి కూడా చేస్తుంది, మెషీన్ ఆడుతోందని చెప్పు, లేకపోతే తెలియక మూసేస్తుంది పాపం అన్నారు..."

అటువైపు వెనక మెషీన్ బుస్... బుస్... మంటోంది.

"మీరేనా అండీ, ఆ కొత్తమ్మాయి?"