ఈదమ్మ కోసిన పాట

శనివారం ఉదయం ఏడు గంటలకు వంటింట్లోంచి తన గొంతు తనకే వినిపించడంతో, ఈదమ్మ బియ్యం చాట పక్కన పెట్టి లేచింది. అరవై ఏడేళ్ల వయసులో ఆమె మోకాళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి గాని, చెవులు మానలేదు. ఆ గొంతు ఆమెదే, పాటా ఆమెదే. కానీ పాట కింద ఎవరో రేకు డబ్బాను కర్రతో బాదుతున్నట్టు దెబ్బ మీద దెబ్బ పడుతోంది. సరిగ్గా ముప్ఫై సెకన్లకు పాట తెగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ తెగింది.

లోపల మనవరాలు తేజస్విని, ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, ఉల్లిగడ్డలు కోస్తూ తల ఊపుతోంది.

"ఏందే అది?"

"నీ పాటనే నాయనమ్మా. మొన్న కందులు చెరుగుకుంట పాడితివి గద, అప్పుడు రికార్డు చేసిన. ఎట్లుంది?"

"నా పాటకు పందొమ్మిది చరణాలుంటయి. కడమయి ఏడవోయినయి?"

"కోసిన."

"కోసినవా? ఉల్లిగడ్డ కోసినట్టు?"

విషయం అంతటితో ఆగలేదు. వనపర్తిలో రికార్డింగ్ గది నడిపే చెన్నయ్య, తేజస్విని పంపిన ఆ ముక్క విని ముందురోజే ఫోన్ చేశాడు. ఆదివారం పది గంటలకు రమ్మన్నాడు. పూర్తి పాట కుదిరితే తేజస్విని పేరుతోనే విడుదల చేస్తాడు. షరతు ఒక్కటే, పాడిన మనిషి స్వయంగా రావాలి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల ఫోన్‌లోనే డప్పు, ఫోన్‌లోనే తీగ, ఫోన్‌లోనే వేణువు పేర్చుకుంటూ రెండేళ్లుగా ఎదురుచూసింది ఇలాంటి పిలుపు కోసమే.

"నేను రాను" అంది ఈదమ్మ.

కోడలు రేణుకమ్మ పొయ్యి మంట తగ్గించి ఇద్దరి మధ్యకు వచ్చింది. "జర ఆలోచించు అత్తమ్మా. పిల్ల ఎంత ఆశ పెట్టుకుంది!"

"పాడుమంటే పాడుత. పందొమ్మిది చరణాలు, మొదటికెల్లి చివరి దాంక. ఆ డబ్బా దెబ్బలు లేకుంట."

"అంతసేపు ఎవ్వరుండరు నాయనమ్మా! మొదటి పది సెకన్లల మనసుకు పట్టకపోతే వేలుతోటి పైకి నెట్టేస్తరు."

"వేలుతోటి నెట్టేసెటోళ్ల కోసం నేను గొంతు చించుకోవాల్నా?"

ఈ లోకం వినడం మరిచిపోయిందని ఈదమ్మకు చాలాకాలంగా ఒక నిశ్చితాభిప్రాయం ఉంది. పెళ్లిలో స్పీకరు పెట్టె పెద్దది, పాట చిన్నది. బస్సులో నలుగురు నాలుగు పాటలు పెడతారు, నలుగురిలో ఒక్కరూ వినరు. ఇప్పుడు ఆ రోగం తన ఇంటికే వచ్చి, తన గొంతునే ముక్కలు చేసింది. దీన్ని క్షమించడం తప్పని ఆమె తీర్పు.

"నీ పాట ఈ బల్మూర్ దాటదు. ఈ గోడల మధ్యనే సచ్చిపోతది. అదేనా నీకు కావాల్సింది?" అంది తేజస్విని. కళ్లలో నీళ్లు ఉల్లిగడ్డవి కావు.

"ఏయ్, నోరు!" అంది రేణుకమ్మ.

ఈదమ్మ అరవలేదు. గొంతు తగ్గించి, ఒక్కో మాట తూచినట్టు చెప్పింది. "ఇది మా అవ్వల నాటి పాట. ఒక్క అక్షరం ఎవ్వరు ముట్టలే. సాక్ష్యం కావాల్నా? జమ్ములమ్మను పిలుస్త. అది ఎట్ల చెప్తే అట్ల."

జమ్ములమ్మది ఈదమ్మ పుట్టిన ఊరు మల్దకల్. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకే ముఠాలో నాట్లు వేశారు. మనవరాలి కాన్పు కోసం ఆమె ఇప్పుడు దగ్గర్లోని అమ్రాబాద్‌లోనే ఉంది. కబురందగానే పన్నెండు గంటల బస్సులో దిగి, మంచినీళ్లు తాగి, మంచం మీద కూర్చుని, "ఏదీ, ఆ ముక్క పెట్టు బిడ్డా" అంది.

తేజస్విని బిక్కుబిక్కుమంటూ పెట్టింది.

*మడిలోన మడి దాటి మాయమ్మ వస్తుందో*
*నారుకట్ట నెత్తినెట్టి నవ్వుకుంట వస్తుందో…*

జమ్ములమ్మ భుజాలు కదిలాయి. తర్వాత చేతులు కదిలాయి. ముప్ఫై సెకన్లు పూర్తయ్యేసరికి ఆమె లేచి రెండడుగులు వేసేసింది. "అబ్బ, మంచిగున్నదే! కాళ్లు ఆగుతలేవు."

"నిన్ను పిలిచింది ఎగరనీకె కాదు" అంది ఈదమ్మ. "ఇది మన అవ్వల నాటిదని పిల్లకు చెప్పు."

"అవ్వల నాటిదా?" జమ్ములమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఈదక్కా, మతి ఉన్నదా నీకు? రాయచూరు దిక్కు గుత్త నాట్లకు పోయినప్పుడు మేస్త్రీ సైకిల్‌కు రేడియో కట్టెటోడు, యాదికి లేదా? అండ్ల దినాం కన్నడంల సబ్బు పాట వస్తుండె. ఆ రాగమే గద ఇది! నువ్వే ఎత్తుకొచ్చి మాటలు కడితివి."

వంటింట్లో గరిటె కింద పడింది. తేజస్విని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"సబ్బు పాటా?" అంది రేణుకమ్మ.

"సబ్బు పాటనే బిడ్డా! ఇంకోటి చెప్త. నేను అదే రాగానికి దేవుని పాట కట్టిన. మా చర్చిల ముప్పై ఏండ్ల సంది పాడుతున్నరు. సబ్బుదని పాస్టరుకు నేటికి తెల్వదు."

తల్లీకూతుళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఈదమ్మ నవ్వలేదు. సాక్షి అబద్ధమాడటం లేదు. యాభై ఏళ్లుగా పాడి పాడి, రాగం ఎక్కడిదో తానే మరిచిపోయింది.

"ముందుగల ముఠాకు పాట ఎత్తేది బుచ్చమ్మ" అని జమ్ములమ్మ తేజస్వినికి చెప్పసాగింది. "ఆమె పాట మస్తు నిదానం. రోజు కూలికి గట్లనే ఉండాలె, నడుము నొప్పి తెల్వొద్దు. గుత్తకు పోతే గట్ల కాదు, ఎన్ని మడులు నాటితే అన్ని పైసలు. పాట ఎంత ఉరికితే చెయ్యి అంత ఉరుకుతది. మేస్త్రీ గట్టు మీద నిలబడి 'బేగ బేగ' అంటుండె. మీ నాయనమ్మ బుచ్చమ్మ పాటను మధ్యల ఆపి ఇది ఎత్తింది. ఆ దినం మేమే అందరికన్నా ముందు గట్టెక్కినం."

"బుచ్చమ్మ ఏమన్నది?" అంది తేజస్విని.

జవాబు ఈదమ్మ చెప్పింది. "ఏమనలే. మళ్ల ఎన్నడు పాట ఎత్తలే. సాలు చివరకు పోయి, తల వంచుకొని నాటేది. ఆ ఏడు నాతోని మాట్లాడలే. నాకు పద్దెనిమిదేండ్లు. ముసల్దానికి కుళ్లు అనుకున్న."

ఇంట్లో నవ్వు సద్దుమణిగింది. బుచ్చమ్మ వంగిన వీపు ఈదమ్మకు స్పష్టంగా కనిపించింది. ఆ రోజు ఆ ముఖం ఎలా ఉందో ఆమె చూడలేదు. ఈ ఉదయం నుంచి, పాట తెగిన మనిషి ముఖం తనదే.

ఆమె మనవరాలి వైపు తిరిగింది. "నీ పాట వినెటోళ్లు చేతులతోటి ఏం పని చేస్తుంటరే?"

"బస్సుల పోతుంటరు. బోళ్లు తోముతుంటరు. బండి మీద పార్శిళ్లు ఇస్తుంటరు."

"అయితే వాళ్లదీ గుత్తనే" అంది ఈదమ్మ. "సరే. రేపు ఎన్ని గంటలకు బస్సు?"

మర్నాడు వనపర్తిలో, చెన్నయ్య గదిలో, ఈదమ్మ ముందు తన పాట పాడింది. తర్వాత ఎవరూ అడగకుండానే కళ్లు మూసుకుని మరొకటి ఎత్తింది. ఒక్కో మాటా మట్టిలోంచి నారు పీకినట్టు మెల్లగా వచ్చింది.

*పొద్దా… ఓ పొద్దా… మెల్లంగ రావే పొద్దా…*
*మా నడుము ఇంకా నిద్రల ఉన్నదే…*

వెంట వచ్చిన జమ్ములమ్మ రెండో గొంతు కలిపింది. తేజస్విని మీట మీద పెట్టిన వేలు తీయకుండా అలాగే కూర్చుంది. తర్వాత తెర మీద ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, నిదానపు పాటను ముందుకు జరిపి, అది ఆగినచోట దెబ్బ మొదలయ్యేలా చేసింది.

చెన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "మొదటి నిమిషమున్నర ఒక్క వాయిద్యం లేదమ్మా. ఎవరుంటరు అప్పటి దాంక?"

"ఆ సార్ చెప్పేది నిజమే బిడ్డా" అంది ఈదమ్మ గాభరాగా. "నీ పాట పోతది. నాది కాదు గద, అది కోసెయ్."

"కొయ్య."

"మొండి చెయ్యకు. ఎవరింటరే అంతసేపు?"

"వింటె వింటరు, లేకుంటె లేదు. నా మొదటి పాట గిట్లనే ఉంటది సార్. కోయాలంటే వేరేటోళ్లను చూస్కోండ్రి."

చెన్నయ్య ఆమెను ఎగాదిగా చూసి, పాటను మొదటినుంచి మళ్లీ పెట్టాడు. నిమిషమున్నర గడిచింది. అతని కాలు కదలలేదు, చెయ్యి మీట వైపు పోలేదు. దెబ్బ మొదలయ్యాక నవ్వాడు. "ఆ పాటకెల్లి ఈ పాటకు పోతుంటే గుండె జల్లుమన్నది. ఉండనీ. పేర్లు చెప్పుండ్రి, రాసుకుంట."

"మొదలు బుచ్చమ్మ అని రాయి" అంది ఈదమ్మ. "మల్దకల్ బుచ్చమ్మ. దాని కింద నా మనవరాలు."

"నీ పేరు నాయనమ్మా?"

"నాదెందుకే? నేను కోసినదాన్ని."

తేజస్విని చెన్నయ్య చేతిలోని కలం తీసుకుంది. రెండు పేర్ల మధ్య కొంచెం ఖాళీ ఉంది. అందులో ఇరికించి, ఈదమ్మ అని రాసింది.