ప్రదీప్ సార్ కూలి రేటు

గీత మీద ప్రదీప్‌కు మొదటిరోజే కోపం వచ్చింది. ఆమె చేసిన తప్పల్లా క్లాసులో నిజం చెప్పడమే.

తొర్రూరులోని ఆ ప్రైవేటు స్కూలుకు ఆమె సోషల్ టీచరుగా కొత్తగా వచ్చింది. తొమ్మిదో తరగతికి కనీస వేతనం గురించి చెబుతోంది. తర్వాతి పీరియడ్ లెక్కలది. ఎమ్మెస్సీ చదువు, ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డుతో ప్రదీప్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంతలో ఒక అమ్మాయి లేచింది.

"టీచర్, మరి మీ జీతమెంత?"

ఇంకో టీచరైతే "కూర్చో" అనేది. గీత "తొమ్మిది వేలు" అంది. అంతటితో ఊరుకోక గుమ్మం వైపు తిరిగింది.

"లెక్కల సారు వచ్చిన్రు కదా. సార్, తొమ్మిది వేలంటే రోజుకు ఎంత పడ్తది?"

"మూడు వందలు," అన్నాడు ప్రదీప్. లెక్క అడిగితే అతని నోరు ఆగదు.

"మా అమ్మ మిర్చి ఏరబోతే అంతకన్న ఎక్కువిస్తరు టీచర్," అంది ఆ అమ్మాయి జాలిగా.

క్లాసంతా గీతను చూసింది. తర్వాత మెల్లగా ప్రదీప్ ఇస్త్రీ చొక్కాను చూసింది.

స్టాఫ్ రూంలో అతను ఆమెను పట్టుకున్నాడు. "పిల్లల ముంగట గట్ల ఇజ్జత్ తీస్తరా మేడం?"

"ఎవరిది సార్? నా జీతమే చెప్పిన గదా."

"మీది చెప్తే మాది చెప్పినట్టే."

"అంటే మీది గూడ గంతేనా? ఎమ్మెస్సీకి జర ఎక్కువుంటదనుకున్న."

జర ఎక్కువే. పదకొండు వేలు. ఊళ్లో మాత్రం పాతిక వేలని చెప్పుకున్నాడు. ఆ పాతిక వేలను చూసి రెండు సంబంధాలు కూడా వచ్చాయి.

సంగతి కరస్పాండెంట్ దయాకర్ గారి దాకా పోయింది. ఆయన గీతను ఏసీ గదిలోకి పిలిచి, "గురువంటే దీపం అమ్మా. దీపం ఎన్నడన్న నూనె రేటు అడుగుతదా?" అన్నారు.

"అడుగదు సార్. ఆరిపోతది," అంది గీత.

ఆ జవాబు స్టాఫ్ రూం అంతా గుసగుసగా తిరిగింది. ప్రదీప్ కోపం అక్కడితో చల్లబడింది. ఆ తర్వాత పక్క క్లాసులో ఆమె గొంతు వినపడితే అతని బోర్డు మీద ప్లస్సులు మైనస్సులయ్యేవి. పిల్లలు దిద్దేవారు. ఆమె ఎదురుపడితే మాత్రం ఏదో ఒక తగవు పెట్టుకునేవాడు. తగవు లేనిరోజు అతనికి అన్నం సహించేది కాదు.

మే నెలకు ఆ స్కూల్లో జీతం ఉండదు. సెలవుల్లో దీపాలు నూనె లేకుండానే వెలగాలి. ఆఖరి పనిదినాన గీత అడిగింది.

"సెలవులకు ఎటు పోతున్రు సార్?"

"హైదరాబాద్. ఐఐటీ ఫౌండేషన్ ట్రైనింగ్. మీరు?"

"చుట్టాలింటికి."

పది రోజుల తర్వాత ప్రదీప్ మహదేవపూర్ దగ్గర ఒక పల్లెలో, వడ్ల కొనుగోలు కేంద్రంలో లారీకి బస్తాలెత్తుతున్నాడు. అక్కడి హమాలీల ముఠా నడిపే తిరుపతి అతనికి చిన్ననాటి దోస్తు. సొంతూరికి దూరం కాబట్టి సారును ఎవరూ గుర్తుపట్టరు. అయినా ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు.

తూర్పారబట్టే మిషను దగ్గర దూరపు తండాల నుంచి వచ్చిన ఆడకూలీలు వడ్లు పోస్తున్నారు. వాళ్లలో ఒకామె చున్నీలోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు అతన్నే చూసి నవ్వుతున్నాయి.

"ట్రైనింగ్ ఎట్ల నడుస్తుంది సార్?"

బస్తా జారబోయి ఆగింది. ప్రదీప్ దాన్ని భుజం మీద సర్దుకుని అడిగాడు. "మీ చుట్టాలు మంచిగున్నరా మేడం?"

"మస్తు మంచోళ్లు. పొద్దుగూకంగనే కూలి చేతుల వెడ్తరు. దీపం ముచ్చట చెప్పరు."

మూడోరోజు మధ్యాహ్నం గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అందరూ వడ్ల కుప్పల మీద టార్పాలిన్లు కప్పడానికి ఉరికారు. ఒక టార్పాలిన్‌కు ఈ కొసన ప్రదీప్, ఆ కొసన గీత. గాలికి అది ఎగిరి ఇద్దరి మీదా పడింది. పైన వాన దబదబ కొడుతోంది. బయటికి రావాలన్న తొందర ఇద్దరికీ లేదు.

"ఊళ్లె నా జీతం పాతిక వేలని చెప్పిన," అన్నాడు ప్రదీప్ ఉన్నట్టుండి.

గీత నవ్వబోయి ఆగింది. "నాకెందుకు చెప్తున్రు?"

"నీకు అబద్ధం చెప్పబుద్ది అయితలేదు."

"'మీకు' కాదు, 'నీకు' అన్నరు."

"తప్పయితే దిద్దుకుంట."

"వద్దు. మీరు మొదటిసారి ఒప్పు రాసిన్రు."

మే చివర దయాకర్ గారు ఫోన్ చేశారు. "ప్రదీప్, నిన్ను వైస్ ప్రిన్సిపాల్ చేస్తున్న. జీతం గదే. గా గీతను తీసేస్తున్నం. సోషల్ గూడ నువ్వే చెప్పు."

ప్రదీప్ బస్తా మీద కూర్చున్నాడు. పక్కనే గీత నీళ్లు తాగుతోంది.

"సార్, నేనిక్కడ హమాలీ పని చేస్తున్న. మీరిచ్చేదానికి రెండింతల మీదనే పడ్తుంది. గీత మేడం ఉండాలె, ఇద్దరికీ జీతం పెరగాలె. లేకుంటే నేను రాను."

"హమాలీ పనా? స్కూలు పరువేం గావాలె?"

"ఈడ పరువుకు రేటు లేదు సార్. బస్తాకే."

ఫోన్ కట్టయింది. గీత మండిపడింది. "నా కోసం నౌకరి పోగొట్టుకొమ్మని నేను అడిగిన్నా?"

"నీ కోసం కాదు. నాకు సోషల్ రాదు."

ఆమె అటు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని అతను కంగారుపడి ముందుకొచ్చి చూశాడు. నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

"చేసుకుంటవా నన్ను?" అన్నాడు.

"మా బాపును అడుగు. నేనైతే ఎప్పుడో ఒప్పుకున్న."

స్కూళ్లు తెరిచారు. దయాకర్ గారు పదకొండు వేలకు లెక్కల సారు కోసం వారం రోజులు వెతికారు. తల్లిదండ్రులు లెక్కల సారు లేడని ఫీజు కట్టకుండా పిల్లలను వెనక్కి తీసుకుపోతుంటే మళ్లీ ఫోన్ చేశారు. ఇద్దరినీ తీసుకుంటారు, జీతం పెంచుతారు. ఎంతో మాత్రం క్లాసులో చెప్పకూడదు.

ప్రదీప్ తల్లి మొదట పిల్ల కులం అడిగింది. తర్వాత పాతిక వేలు ఏవని అడిగింది. రెండోదానికే ఎక్కువ ఏడ్చింది. నాలుగు రోజులకు తేరుకుని, "నిజం చెప్పే పిల్లంటున్నవ్, ఇంట్లె ఒక్కరన్న ఉండాలె," అంది.

ఇక మిగిలింది దంతాలపల్లి దగ్గరి తండాలో గీత తండ్రి దస్రు. ఆయన మంచం మీద కూర్చుని, ఎదురుగా కుర్చీలో ముడుచుకున్న ప్రదీప్‌ను తేరిపార చూశాడు.

"ఏం పని జేస్తవ్ కొడుకా?"

"సార్‌ను."

దస్రు ముఖం వాడిపోయింది. "మా బిడ్డ గూడ టీచరే. ఆ నౌకరి సంగతి నాకెరుకనే. ఒక్క ఇంట్ల ఇద్దరైతే ఎట్ల బతుకుతరు?"

ప్రదీప్ గీత వైపు చూశాడు. గీత వెళ్లి తండ్రి పక్కన కూర్చుని లంబాడీ భాషలో ఏదో చెప్పింది. దస్రు ముఖం విప్పారింది. లేచి వచ్చి ప్రదీప్ భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కి చూశాడు. లోపలికి కేకేసి, కోడిని పట్టమని భార్య గంగికి చెప్పాడు.

"ఏం జెప్పినవ్?" అని ప్రదీప్ మెల్లగా అడిగాడు.

"ఎండకాలం బస్తాలు గూడ మోస్తడని చెప్పిన," అంది గీత.